‘అమ్మ’ని ముక్కలు చేయొద్దు!

యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్. సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్ల అడ్డా. డైలాగు తట్టిందంటే కాగితం, పెన్నూ వెతుక్కోనక్కర్లేదు, ఫోన్లో టైపు చేసుకోవచ్చు. చిక్కల్లా దిద్దేటప్పుడే! ఒక మాట మీద వేలితో నొక్కిపట్టుకుంటే దాని రెండు చివరలా చిన్న గుర్తులు వస్తాయి. వాటిని జరుపుతుంటే, పాత పద్ధతిలో నడిచే యాప్‌లలో ఒక్కోసారి గుర్తు అక్షరం మధ్యలోనే ఆగిపోతుంది. ‘అమ్మ’ అనుకుంటే ‘అమ్’ కాపీ అవుతుంది... ‘మ’ అక్కడే ఉండిపోతుంది.

తప్పు వేలిది కాదు. మనకి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటరుకి ఆరు ముక్కలు... స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటు దక్కింది కానీ, ఏ ముక్కలు కలిస్తే ఒక అక్షరమన్న లెక్కలో ఒత్తులకి న్యాయం జరగలేదు. పొల్లు తర్వాత తెంపొచ్చన్నది పాత నియమం. అందుకే ‘స్త్రీ’ కాస్తా స్, త్, రీ అని మూడయ్యేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 దీన్ని సరిదిద్దింది. తెలుగుతోపాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లోనూ ఒత్తక్షరాన్ని విడదీయకూడదంది. (తెలుగక్షరం ఫోన్లని కంగారుపెట్టడం కొత్తేం కాదు లెండి. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క అక్షరం వల్ల ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోతే యాపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది!)

నియమం వస్తే చాలదు, అది యాప్ దాకా చేరాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్పే ఫ్లట్టర్‌నే తీసుకోండి. యాప్‌ల తయారీకి గూగుల్ ఇచ్చిన టూల్‌కిట్ ఇది. 2018 డిసెంబరులో 1.0 వచ్చింది. బటన్లు, రాసుకునే పెట్టెలు అన్నీ తనే గీసుకుంటుంది. కాబట్టి అందులో లోపముంటే దాంతో చేసిన యాప్‌లన్నిటికీ తగులుతుంది. 2022 ఆగస్టు నాటి 3.3 వెర్షన్‌లో ‘సెలెక్షన్ ఏరియా’ వచ్చాక, వేర్వేరు చోట్ల ఉన్న వాక్యాలని కలిపి ఎంచుకోవడం తేలికైంది.

మరి చెరిపేటప్పుడు? అక్కడ ఇదే నియమం పెడితే తలనొప్పే. గుడిదీర్ఘం ఒక్కటే తప్పు పడితే ‘స్త్రీ’ మొత్తం పోతుంది, మళ్లీ ఆరు మీటలూ నొక్కాలి. కాబట్టి ఎంచుకునేటప్పుడు అక్షరంగా, చెరిపేటప్పుడు ముక్కలుగా చూడటమే మేలు. తెలుగులో టైపు చేయని ఇంజినీరుకి ఈ తేడా తట్టడం కష్టం.

మీ ఫోన్ సంగతేంటో చూడాలనుందా? ‘అమ్మ’ అని టైపు చేసి, నొక్కిపట్టి, చివరి గుర్తుని మెల్లగా వెనక్కి జరపండి. ‘అ’ దగ్గరికి నేరుగా వెళ్తే సరే. మధ్యలో ఆగిందంటే, ఆ యాప్‌కి కొత్త నియమం ఇంకా అందనట్లే.