నడకను నిలిపే శస్త్రవిద్య

నడక మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఏడాది ప్రాయపు బిడ్డ పడుతూ లేస్తూ, తప్పటడుగులు వేస్తూ దానిని నేర్చుకొంటుంది. ఒకసారి పట్టుబడిన తరువాత ఆ విద్యను గూర్చి ఎవరూ ఆలోచించరు. అది చేజారిన నాడే దాని విలువ తెలిసివస్తుంది. శరీరభారాన్నంతటినీ మోస్తూ ఈ నడకకు ఆధారమై నిలిచే కీళ్ళలో ప్రధానమైనది తుంటి కీలు.

కటి ఎముకలో గిన్నె వంటి పల్లం ఒకటి ఉంటుంది. తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉండి ఆ పల్లంలో ఇమిడి తిరుగుతుంది. అందుచేతనే ఆధునిక శరీరశాస్త్రం దీనిని బంతిగిన్నె కీలు అంటున్నది. ప్రాచీన భారతీయులు కూడా దీని నిర్మాణాన్ని చక్కగా గుర్తించారు. సుశ్రుత సంహితలోని శారీరస్థానం కీళ్ళను ఎనిమిది విధాలుగా విభజించి, చంక, గజ్జ, దంతాల సంధులను 'ఉలూఖల' సంధులని పేర్కొన్నది. ఉలూఖలమనగా రోలు. రోటి గుంటలో నిలిచిన రోకలిని తలచుకొంటే తుంటి కీలు రూపం మనసుకు స్ఫురిస్తుంది. అయితే ఈ రోటిలో రాపిడి ఉండదు. బంతికీ గిన్నెకూ నున్నని మృదులాస్థి పూతవలె అమరి ఉంటుంది. వాటి నడుమ జిగురు వంటి ద్రవం కందెనగా పనిచేస్తుంది.

ఆ మృదులాస్థి అరిగిపోతే ఎముక ఎముకను ఒరుసుకొంటుంది. గజ్జలో మొదలైన నొప్పి తొడకు, ఒక్కొక్కసారి మోకాలికి కూడా పాకుతుంది. వయసుతో వచ్చే అరుగుదల, కీళ్ళవాతం ఇందుకు సాధారణ కారణాలు. బంతికి రక్తప్రసరణ ఆగి ఎముక నిర్జీవం కావడం మరొక కారణం. దీర్ఘకాలం స్టెరాయిడ్ మందులు వాడడం, మితిమీరిన మద్యపానం ఈ స్థితికి దారితీస్తాయి. ఇది నడివయసు వారిని, యువకులను సైతం పీడిస్తుంది. నీటిలోని ఫ్లోరైడ్ కూడా ఎముకలను, కీళ్ళను బిగదీయగలదు. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారిగా గుర్తించి 1937లో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామాలను పరిశీలించిన వైద్యులే.

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, పులికాట్ సరస్సు ఒడ్డున తడ ఉన్నది. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. ఇచ్చటి మత్స్యకారునికి పడవలోనికి ఎక్కడం, బురదలో నిలబడి వల లాగడం నిత్యకృత్యాలు. రొయ్యలు వేరుచేసే స్త్రీ గంటల తరబడి గొంతుక్కూర్చోవాలి. ఇట్టివారికి తుంటి కీలు చెడడమంటే కేవలం నొప్పి కాదు. ఆ పూట కూలి పోవడం, క్రమంగా ఇంటిలో పరాధీనులు కావడం.

వృద్ధులు కాలుజారి పడినప్పుడు తొడ ఎముక మెడ భాగం విరగడం తరచుగా జరుగుతుంది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు వేయించడం ఈ ప్రాంతంలో తరతరాల వాడుక. అయితే తొడ ఎముక మెడ సంగతి వేరు. బంతికి రక్తాన్ని చేర్చే సన్నని నాళాలు ఆ మెడను అంటిపెట్టుకొనే ఉంటాయి. ఎముక విరిగి పక్కకు తొలగినప్పుడు ఆ నాళాలు తెగిపోతాయి. రక్తం అందని ఎముక పైకట్టుతో అతకదు. పైగా వారాల తరబడి మంచాన ఉన్న వృద్ధులకు పుండ్లు పడడం, ఊపిరితిత్తులకు నెమ్ము చేరడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పొంచి ఉంటాయి. అందువలన పడిన తరువాత కాలు కదపలేని వృద్ధులకు వెంటనే ఎక్స్‌రే తీయించడం ప్రాణరక్షణకే అవసరం.

పోయిన అవయవానికి బదులు మరొకటి అమర్చాలన్న తలంపు చాల ప్రాచీనమైనది. యుద్ధంలో కాలు కోల్పోయిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చినట్లు ఋగ్వేదం చెబుతున్నది. తుంటి కీలు విషయంలో 1891లో జర్మన్ వైద్యుడు థెమిస్టోక్లిస్ గ్లక్ ఏనుగు దంతంతో చేసిన బంతిని ప్రయోగించాడు. నేటి చికిత్సకు నిజమైన పునాది వేసినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ చార్న్‌లీ. ఆయన మొదట టెఫ్లాన్‌తో గిన్నెను చేయించాడు. కొద్దికాలానికే అది అరిగి విఫలమైంది. ఆయన ఆ వైఫల్యాన్ని దాచక, పట్టుదలతో మరొక పదార్థాన్ని వెదకి, 1962లో పాలిథిలిన్ గిన్నెను, చిన్న లోహపు బంతిని అమర్చి విజయం సాధించాడు. 2007లో 'లాన్సెట్' వైద్యపత్రిక తుంటి కీలు మార్పిడిని శతాబ్దపు శస్త్రచికిత్సగా అభివర్ణించింది.

ఈ చికిత్సలో చెడిన బంతిని తొలగించి, తొడ ఎముక లోపలి గొట్టంలో లోహపు కాడను దించి, దానిపై లోహపు లేక పింగాణీ బంతిని నిలుపుతారు. గిన్నెను చెక్కి నునుపుచేసి కొత్త గిన్నెను పొదుగుతారు. వీటిని ఎముక సిమెంటుతో అతికించవచ్చు. లేదా ఎముకే పెరిగి పట్టుకొనే విధంగా గరుకైన పైభాగం గల భాగాలను వాడవచ్చు.

పూర్వపు పద్ధతిలో తుంటి పక్కన సుమారు 20 సెంటీమీటర్ల పొడవున కోసేవారు. కీలును చేరడానికి కొన్ని కండరాలను ఎముకనుండి వేరుచేసి, చివరకు మరల కుట్టేవారు. స్వల్పగాటు పద్ధతిలో కోత సుమారు 10 సెంటీమీటర్లకు మించదు. అయితే చర్మంపై గాటు చిన్నది కావడం కంటె లోపలి కండరాలు తెగకపోవడమే ముఖ్యం. తొడ ముందువైపు రెండు కండరాల నడుమ సహజంగా ఒక సందు ఉన్నది. ఆ సందులోనుండి కండరాలను కోయక, పక్కకు తొలగించి కీలును చేరే మార్గాన్ని 1947లోనే ఫ్రాన్స్‌లో రోబెర్ జూదే ఈ చికిత్సకు వాడాడు. తగిన పనిముట్లు, శస్త్రచికిత్స నడుమనే ఎక్స్‌రే చూసే యంత్రాలు వచ్చిన తరువాత ఆ మార్గం మరల ఆదరణ పొందింది.

ఈ పద్ధతివలన తొలి వారాలలో నొప్పి కొంత తగ్గవచ్చు. రోగి త్వరగా అడుగు వేయవచ్చు. అయితే కొన్ని నెలలు గడిచిన తరువాత రెండు పద్ధతుల ఫలితాలలో పెద్ద భేదం కనిపించదు. ఇరుకైన దారిలో పనిచేయడానికి వైద్యునికి విశేషమైన అనుభవం కావాలి. ముందువైపు మార్గంలో తొడ వెలుపలి భాగాన తిమ్మిరి మిగలవచ్చు. అధిక బరువు గలవారికి, వంకరపోయిన ఎముకలు గలవారికి ఈ మార్గం తగకపోవచ్చు. ఏ పద్ధతిలోనైనా చీము పట్టడం, కీలు తొలగడం, కాళ్ళ పొడవులో తేడా రావడం వంటి ప్రమాదాలు కొద్దిమేర ఉంటాయి. కాబట్టి గాటు పొడవును చూసి కాక, వైద్యుని అనుభవాన్ని చూసి నిర్ణయం తీసుకోవడం వివేకం.

శస్త్రచికిత్సతో వైద్యుని పని చాలవరకు ముగుస్తుంది. రోగి పని అప్పుడే మొదలవుతుంది. సాధారణంగా అదేరోజు గాని మరునాడు గాని వాకర్ ఆసరాతో నిలబెడతారు. పాదాలను పైకీ కిందికీ ఆడించడం, వైద్యుడు చెప్పిన మందులు వాడడం రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. రెండు వారాలకు కుట్లు తీస్తారు. చాలమంది ఆరు వారాలకు ఆసరా లేక నడవగలుగుతారు. పూర్తిబలం చేకూరడానికి కొన్ని నెలలు పడుతుంది. పిక్క వాపు, జ్వరం, గాయంనుండి చీము కనిపిస్తే వెంటనే వైద్యుని చేరాలి; ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

నేలపై కూర్చొని భుజించే మన ఇండ్లలో మరికొన్ని మార్పులు అవసరం. బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, కాలిపై కాలు వేయడం ఎప్పుడు చేయవచ్చునో, అసలు చేయవచ్చునో లేదో వైద్యుడే నిర్ణయించాలి. ఎత్తైన కుర్చీ, ఎత్తైన మరుగుదొడ్డి పీట, జారని నేల రోగికి మందుతో సమానం. వాటిని ఆసుపత్రికి పోకముందే ఇంటిలో అమర్చుకోవడం మంచిది.

కొత్త కీలు శాశ్వతం కాదు. ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశాల లెక్కలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు 58 శాతం తుంటి కీళ్ళు 25 ఏళ్ళు నిలిచాయి. లోహంపై లోహం ఒరిసే ఒక రకపు కీళ్ళను మాత్రం 2010లో ప్రపంచమంతటా వెనుకకు తీసుకోవలసివచ్చింది. క్రొత్తదంతా మేలైనది కాదనడానికి ఇది నిదర్శనం.

తడకు ఉత్తరాన నెల్లూరు, పడమట తిరుపతి, దక్షిణాన చెన్నై ఉన్నాయి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే బర్డ్ ఆసుపత్రి ఎముకల, కీళ్ళ చికిత్సకు పేరుగాంచినది. చికిత్స అందుబాటులో ఉన్నా, 'వయసు మీరిన తరువాత ఇక నడక ఎందుకు' అనే నిరాసక్తత అనేకులను మంచానికి కట్టివేస్తున్నది. వృద్ధులు తమ పని తాము చేసుకోగలగడం వారికి గౌరవం, ఇంటికి ఊరట. ఇంటిలోని పెద్దల నడకలో మార్పును మొదట గమనించగలిగినవారు, వారిని సకాలంలో వైద్యుని చెంతకు చేర్చగలిగినవారు చదువుకొన్న యువతీయువకులే.