తంగేడు

కర్నూలు, కడప మండలములలో వేసవి కఠినమైనది. ఎండ 40 డిగ్రీలు దాటును. బావులలో నీరు అడుగంటును. ఏడాదికి కురియు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అందును అధికభాగము జూను మొదలు అక్టోబరు వరకే కురిసిపోవును. ఇట్టి సీమలో ఇంటిముందరగాని, పాఠశాల ఆవరణములోగాని పూలతోట పెంచదలచిన వారికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: మనుష్యులకే నీరు చాలని దినములలో మొక్కలకు నీరెక్కడిది? వానకాలమున ఉత్సాహముతో నాటిన గులాబీలును, క్రోటనులును మరుసటి వేసవికి ఎండిపోవుట ఇచ్చట తరచుగా కానవచ్చు దృశ్యము.

ఈ ప్రశ్నకు సమాధానము ఊరి వెలుపలనే కలదు. నల్లమల, ఎర్రమల కొండల దిగువనున్న రాతినేలలలోను, బీళ్ళలోను, బాటలకు ఇరువైపులను ఎవరును నాటక, ఎవరును నీరు పోయక పెరుగు పొద ఒకటి ఉన్నది. అదియే తంగేడు.

తంగేడు సామాన్యముగా మనిషి ఎత్తు పెరుగును. దాని ఈనెకు ఇరువైపుల చిన్న ఆకులు జతలుజతలుగా ఉండును. ఆకు మొదట చెవులవంటి రెండు రేకలు కనిపించును. ఆ చెవులను బట్టియే శాస్త్రజ్ఞులు దీనికి ‘సెన్నా ఆరిక్యులేటా’ అని పేరిడిరి. వానలు కురిసిన పిదప కొమ్మల చివరల పసుపుపచ్చని పూలు గుత్తులుగా విరియును. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు ఈ పూలు ముఖ్యమైనవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తంగేడును తన రాష్ట్రపుష్పముగా స్వీకరించినది.

పూర్వము ఈ పొదను జనులు పూలకంటె చెక్కకే ఎక్కువగా కోరెడివారు. తోలును కుళ్ళనీయక గట్టిపరచు వగరు పదార్థము తంగేడు చెక్కలో సమృద్ధిగా నున్నది. దక్షిణదేశపు చర్మకారులు తరతరములుగా ఈ చెక్కతోనే తోళ్ళు పదునుచేసిరి. పిమ్మట ఆఫ్రికానుండి దిగుమతియైన వాటిల్ చెక్కయు, రసాయనములును వచ్చుటచే దాని గిరాకి తగ్గినది. దీని ఆకును కొమ్మలతో కోసి వరిమడులలో తొక్కి పచ్చియెరువుగా వాడుట రైతులకు తెలిసిన పనియే.

తంగేడు పువ్వులో మరియొక వింత కలదు. ఈ పువ్వులో తేనె లేదు. పుప్పొడి మాత్రమే ఉన్నది. అదియు కేసరముల కొనలనున్న సన్నని రంధ్రములలోనుండియే వెలువడవలెను. గండుతుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకొని, రెక్కల కండరములను అదరించి ఝుమ్మని నాదము చేయును. ఆ అదురునకు పుప్పొడి జలజల రాలి తుమ్మెద దేహమునకు అంటుకొనును. అది మరియొక పువ్వుపై వాలగా కాయ కట్టుటకు వీలగును. కావున తోటలో తంగేడు ఉన్నచో తుమ్మెదలకు ఆహారము దొరకును. తుమ్మెదలు ఉన్నచో తంగేడుకు సంతానము కలుగును.

తంగేడును పెంచగోరువారు బీడులోని పొదను పెకలించి తేరాదు. దాని తల్లివేరు రాళ్ళసందుల లోతునకు దిగియుండును. అది తెగినచో మొక్క బ్రదుకుట కష్టము. బీడునకు ఒక పొద నష్టమగును. ఎండి గోధుమరంగు దాల్చిన కాయలనుండి గింజలు సేకరించుటయే మంచి పద్ధతి. గింజపై పెంకు మిక్కిలి గట్టిది. అందుచే కాచి దింపిన నీటిలో గింజలను వేసి, ఒక రాత్రి నాననీయవలెను. తెల్లవారునప్పటికి ఉబ్బిన గింజలు మొలకకు సిద్ధమైనవని తెలియవచ్చును.

తొలకరి వానలు పడగానే మొక్క శాశ్వతముగా ఉండవలసిన చోటనే రెండుమూడు గింజలు విత్తుట ఉత్తమము. దినమున అధికభాగము ఎండ తగులుచోటు కావలెను. ఎర్రనేలయైనను, గరుసునేలయైనను తంగేడుకు సరిపడును. నల్లరేగడిలో మాత్రము నీరు నిలువకుండ మట్టిని కొంత ఎత్తు చేయవలెను. మొలచినవానిలో బలమైన మొక్కను ఉంచి, తక్కినవి తీసివేయవలెను. కంచెగా పెంచువారు మూడునాలుగడుగుల కొకటి చొప్పున నాటవచ్చును.

మొదటి సంవత్సరము మాత్రము శ్రద్ధ అవసరము. వానలు లేనప్పుడు వారమునకొకసారి నిండుగా నీరు పోసి, మొదటను ఎండుటాకులు కప్పవలెను. ప్రతిదినము కొద్దికొద్దిగా పోసిన నీరు పైమట్టిని మాత్రమే తడుపును. అప్పుడు వేరు లోతునకు దిగదు. నిండుగా పోసి విడిచినచో వేరు తడిని వెదకుచు క్రిందికి పోవును. రెండు వానకాలములు గడచిన పిదప పొద తన నీటిని తానే సంపాదించుకొనును. అటుపిమ్మట అతిగా నీరుపెట్టుటయే దానికి కీడు.

కాయలు ఎండిన తరువాత కొమ్మలను మూడవవంతు మేర కత్తిరించినచో క్రొత్త చివుళ్ళు వచ్చి, వాని కొనల పూలు దట్టముగా పూయును. పశువులును, మేకలును దీని ఆకును సాధారణముగా ముట్టవు. సీతాకోకచిలుకల గొంగళులు మాత్రము కొన్ని ఆకులు తినును. దానికి భయపడి విషపుమందులు చల్లరాదు. ఆ మందు గొంగళితోపాటు తుమ్మెదను కూడ చంపును. తుమ్మెద లేని తంగేడు పూచియు కాయదు. పొద మరల చిగిర్చి ఆ కొరతను తానే తీర్చుకొనగలదు.

దూరదేశపు మొక్కను తెచ్చి, దానికై నేలను, నీటిని మార్చ ప్రయత్నించుట ఒక విధము. మన నేలను, మన వానను ఎరిగిన మొక్కను ఎన్నుకొనుట మరియొక విధము. కరవు తరచుగా వచ్చు సీమలో ఈ రెండవదియే వివేకము. పాఠశాల ఆవరణములో పది తంగేడు పొదలు పెంచిన పిల్లలు మూడవ యేట వాని కొరకు ఒక్క బిందె నీరైనను మోయనక్కరలేదు. మిగిలిన ఆ నీరు త్రాగుటకు ఉపయోగపడును.