వణికిన చేతికే మళ్లీ సూది

తాగి పడిపోయిన వాళ్లకు సెలైన్ పెట్టే నర్సమ్మే తాగుడుకు బానిసైతే ఆమెకు సెలైన్ పెట్టేదెవరు? వినడానికి నవ్వులాటగా ఉంటుంది. ఒక ఏరియా ఆసుపత్రిలో పదహారేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్న ఆమెకు మాత్రం ఇది నవ్వులాట కాలేదు. నౌకరీ పోయేదాకా వచ్చింది. ఇప్పుడామె మళ్లీ డ్యూటీలో ఉంది. పేరు, ఊరు అచ్చు వేయవద్దంది. బిడ్డ పెళ్లీడుకొచ్చింది మరి.

తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు కల్లు ముట్టడం వింతేమీ కాదు. పండగకూ, దావతుకూ, దినాలకూ ఇంటిల్లిపాదీ తాగుతారు. ఆమె కూడా ఆ ఇళ్లలోనే పెరిగింది. అప్పట్లో ఎవరూ దాన్ని వ్యసనమనలేదు. 2018లో భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక కథ మారింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తే పగలు నిద్ర పట్టేది కాదు. నిద్ర కోసమని మొదలైన క్వార్టరు ఏడాది తిరిగేసరికి డ్యూటీకి పోయే ముందు కూడా కావలసి వచ్చింది.

విచిత్రమేమంటే ఈ జబ్బు సంగతి ఆమెకు తెలియనిది కాదు. 2015లో కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో కల్లు దొరక్క జనం పిచ్చెత్తినట్టు ప్రవర్తించారు. ఆ కల్లులో కలిపింది ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు. అవి ఒక్కసారిగా ఆగేసరికి ఒళ్లు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడడం మొదలయ్యాయి. ఆసుపత్రుల్లో మంచాలు చాలలేదు. ఆ రోజుల్లో రోగుల కాళ్లూ చేతులూ పట్టుకుని ఇంజక్షన్లు చేసిన వాళ్లలో ఆమె ఒకతె. అయిదేళ్లు తిరిగాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూశారు. మే 6న గాని తెరవలేదు. ఆ నెలన్నరలో తన చేతులు వణుకుతుంటే అదేమిటో ఆమెకు చప్పున అర్థమైంది. అర్థమై కూడా గుడుంబా కోసం మనిషిని పంపింది.

2021లో ఒకనాడు పసిపిల్లకు సూది గుచ్చబోయి నరం దొరక్క మూడుసార్లు గుచ్చింది. పిల్ల అమ్మమ్మ దగ్గరకొచ్చి వాసన పట్టింది. ''సిస్టరమ్మా, నువ్వు తాగొచ్చినవా?'' అని వార్డులో అందరి ముందూ అడిగేసింది. సాయంత్రానికి రిపోర్టు వెళ్లింది, నాలుగో రోజుకు సస్పెన్షన్ కాగితం వచ్చింది. సగం జీతం లెక్కన భృతి. ఊళ్లో మాత్రం దండోరా వేసినట్టయింది. మగవాడు తాగితే అలవాటంటారు, ఆడది తాగితే దానికి వేరే పేరు పెడతారు. ఆ పేర్లన్నీ ఆమె విన్నది.

ఆదుకున్నది హెడ్ సిస్టర్. రిపోర్టు రాసింది కూడా ఆమే కావడం గమనించాలి. వారం తర్వాత ఇంటికొచ్చి, ''రాయాల్సింది రాసిన. ఇగ నీకు చేయాల్సింది చేస్త. లే చెల్లె, బస్సుకు టైమైంది'' అంటూ పట్నం తీసుకుపోయి చేర్పించింది. అక్కడ ముందుగా బి-1 విటమిన్ సూదులు, ఆ తర్వాతే గ్లూకోజు. ఎక్కువగా తాగేవాళ్లలో ఈ విటమిన్ కరువవుతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ముప్పు రావచ్చు. వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చిన బిళ్లలను రోజురోజుకూ తగ్గిస్తూ పోయారు. పది రోజుల్లో ఒళ్లు తేరుకుంది.

లివర్ పరీక్షలు చేసి, అన్నీ వివరించి, ఆమె ఒప్పుకున్నాకే డైసల్ఫిరాం బిళ్ల మొదలుపెట్టారు. ఇది వేసుకున్న మనిషి మందు తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. బిళ్ల మానేసినా రెండు వారాల దాకా దాని పట్టు వదలదు. ఈ లెక్క తెలిసీ ఆమె నాలుగు నెలలకు తప్పటడుగు వేసింది. చుట్టాల పెళ్లికని బిళ్ల ఆపి, ఆరోనాడు దావతులో ఒక గ్లాసు ఎత్తింది. అర్ధరాత్రి ఆటోలో ఆమెను తీసుకుపోయింది తను పనిచేసిన ఆసుపత్రికే. కాజువాలిటీలో బి.పి. చూసింది తన కింద పని నేర్చుకున్న పిల్ల. ''ఆ పిల్ల ఒక్క మాటనలే. అదే నన్ను చంపింది'' అని ఆమె చెప్పింది. మళ్లీ తాగడం ఈ జబ్బులో తరచుగా జరిగేదేనని, దాంతో అంతా పోయినట్టు కాదని డాక్టరు ధైర్యం చెప్పారు. ఆనాటి నుంచి పొద్దున్నే వదినె ఎదుటే బిళ్ల వేసుకునే పద్ధతి పెట్టుకున్నారు.

2022 చివర్లో మెడికల్ బోర్డు ఫిట్‌నెస్ ఇచ్చాక తిరిగి డ్యూటీలో చేరింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి నర్సుల కోసం 1983 నుంచే చట్టప్రకారం ఒక ఏర్పాటు ఉంది. చికిత్స తీసుకోవాలి, పిలిచినప్పుడల్లా మూత్ర పరీక్షకు రావాలి. షరతులు పాటిస్తే లైసెన్సు నిలబడుతుంది. ఈమెకు అలాంటి ఏర్పాటేదీ ఎదురు రాలేదు. పై అధికారి మంచివాడు కాబట్టి సాగింది. కాకపోతే? అందుకు ఏ ఫైల్లోనూ జవాబు లేదు.

షరతులు హెడ్ సిస్టరే పెట్టింది. పగటి డ్యూటీ మాత్రమే. మత్తుమందుల బీరువా తాళం ఆమె చేతికివ్వరు. ఇంకొక చిక్కు ఎవరికీ తట్టనిది. ఆసుపత్రిలో చేతులకు రాసుకునే శానిటైజరు, సూదికి ముందు తుడిచే స్పిరిటు రెండింటిలోనూ ఆల్కహాలే. డైసల్ఫిరాం వాడేవాళ్లకు చర్మం ద్వారా, వాసన ద్వారా కూడా ఇబ్బంది కావచ్చు. అందుకని ఆమె సబ్బూ నీళ్లతోనే కడుక్కుంటుంది. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు, చేతులు పగిలిపోయాయి. దగ్గు మందు సీసా కొన్నా లేబులు చదవాల్సిందే.

మొదట్లో ''ఆ సిస్టర్ వద్దు, వేరే సిస్టర్‌ను పిలువుండ్రి'' అన్నవాళ్లున్నారు. ఆమె పక్కకు తప్పుకునేది. ఇప్పుడు అదే జనంలోంచి ఆడవాళ్లు ఓ.పి. అయిపోయాక చాటుగా వస్తున్నారు. ఒకరికి కొడుకు బాధ, ఒకరికి పెనిమిటి బాధ. దేశంలో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల సాయం అవసరమని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. తాగుడుకు బానిసలైన వాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందట. మిగతావాళ్లు ఇలా చాటుగా అడిగేవాళ్లేనేమో!

ఆమె వాళ్లకు మరీ మరీ చెప్పేది రెండు సంగతులు. రోజూ గట్టిగా తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పించి గదిలో పెట్టి గొళ్లెం వేయొద్దు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకల్లా మతి చలించవచ్చు, ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో పెట్టే మాన్పించాలి. రెండోది, 'తాగేవాళ్లకు తెలియకుండా మాన్పిస్తాం' అనే ప్రకటనలు చూసి బిళ్లలు కొని కూరలో, చారులో కలపొద్దు. ఆ సంగతి తెలియని మనిషి సాయంత్రం దుకాణానికి పోయి తాగితే ఏమవుతుందో ఆమె ఒంటికి తెలుసు. ఎటు పోవాలో తోచనివారు 14446కు ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు.

మొన్న నైట్ డ్యూటీలకు మనుషులు చాలక హెడ్ సిస్టర్ బీరువా తాళం తెచ్చి ఆమె ముందు పెట్టింది. ''ఇంత కాలమైంది గదా, తీస్కో'' అంది. ఆమె చెయ్యి చాపలేదు.

''దసరా పోనీయి అక్కా, అప్పుడు చూద్దాం'' అంది.