మల్లె పొద పూయడం లేదా? పీకకండి, కత్తిరించండి

దమ్మపేట: పెరట్లో మల్లె పొద నిలువెత్తు పెరిగింది. ఆకు పచ్చగా, ఏపుగా ఉంది. ఎండాకాలం వచ్చినా పట్టుమని పది పూలు లేవు. ‘ఇది గొడ్డు చెట్టు, పీకి పారేద్దాం’ అనుకునే ఇళ్లు మన దమ్మపేట, అశ్వారావుపేట వైపు పల్లెల్లో ఉంటూనే ఉంటాయి. తొందరపడకండి. చాలాసార్లు చెట్టు మంచిదే. ఏడాది పొడవునా నీళ్లు పారడం, కొమ్మలు కత్తిరించకపోవడమే పూత రాకపోవడానికి కారణం.

ఎందుకు పూయదు?

మల్లెలో పూలు ముదురు కొమ్మలపై రావు. కొత్తగా చిగురించిన లేత రెమ్మలకే మొగ్గ తొడుగుతుంది. ఎన్ని చిగుళ్లు వస్తే అన్ని మొగ్గలన్న మాట. ఆ చిగుళ్లన్నీ ఒక్కసారిగా రావాలంటే అంతకు ముందు చెట్టుకు కొంతకాలం విశ్రాంతి కావాలి. చలి దేశాల్లో ఇళ్ల ముందు పెంచే లైలాక్ అనే పూల పొద కూడా మల్లె, పారిజాతాల కుటుంబానిదే. దానికి అక్కడి శీతాకాలమే విశ్రాంతినిస్తుంది. అంత చలి మన దగ్గర ఉండదు కనుక ఇక్కడ నాటినా ఫలితం ఉండదు. మన మల్లెకు మాత్రం నీళ్లు ఆపి మనమే విశ్రాంతి ఇవ్వాలి.

కానీ మనం చేసేదేమిటి? గాబు పక్కన, అంట్లు తోమే చోట మల్లె నాటుతాం. వాడిన నీళ్లు రోజూ పాదులోకే పోతాయి. చెట్టు ఆకు వేస్తూ పోతుంది తప్ప పూత పట్టదు.

కత్తిరింపు ఎప్పుడు, ఎలా?

నవంబరు నెల సగం దాటాక నీళ్లు ఆపేయండి. వాడుక నీళ్లను చిన్న కాలువ తీసి వేరే మొక్కలకు మళ్లించండి. ఆకు పండి రాలడం మొదలవుతుంది. డిసెంబరు చివర్లో గానీ జనవరి మొదట్లో గానీ మిగిలిన ఆకు చేత్తో దూసేయండి. పెద్ద తోటల్లో ఈ పనికి గొర్రెలను తోలి మేపుతారు.

తర్వాత కొమ్మలన్నీ తాడుతో దగ్గరకు కట్టి, నేల నుంచి మోకాలెత్తున, అంటే ఒకటిన్నర అడుగు ఎత్తులో పదునైన కత్తెరతో కోసేయండి. ఎండు పుల్లలు, తెగులు సోకిన కొమ్మలు మొదలంటా తీసేయాలి. లావు కొమ్మల కోతలకు బోర్డోపేస్టు పూయాలి. చెట్టు మోడుగా కనిపిస్తుంది, భయపడవద్దు.

ఎరువు, నీరు

పాదు తవ్వి గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు 10 కిలోలు వేయండి. ఎదిగిన పొదకు ఏడాదికి 130 గ్రాముల యూరియా, 750 గ్రాముల సూపరు, 200 గ్రాముల పొటాష్ చాలు. ఇందులో సగం కత్తిరించిన వెంటనే, మిగతా సగం జూన్-జులైలో వేయాలి. ఎరువు మొదలుకు తగలకుండా జానెడు దూరంలో వేసి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. మన ఎర్ర చలకల్లో చిగురు వచ్చాక వారానికి రెండు తడులు అవసరమవుతాయి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, జాగ్రత్త.

జనవరి మొదట్లో కత్తిరిస్తే మార్చికల్లా పూత అందుతుంది. భద్రాచలంలో శ్రీరామనవమి వచ్చేదీ ఆ రోజుల్లోనే. పూలు కొనే పని తప్పుతుంది. నాలుగైదు పొదలుంటే మిగిలిన పూలు ఊళ్లోనే అమ్ముకోవచ్చు. అమ్మే మొగ్గలు విచ్చకముందే, తెల్లవారుజామునే కోయాలి.

పురుగు, తెగులు

మొగ్గలు ఊదారంగుకు తిరిగి, రంధ్రాలు పడి, గూడు కట్టినట్లుంటే అది మొగ్గ తొలుచు పురుగు. అలాంటి మొగ్గలు ఏరి కాల్చేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. తలలో పెట్టుకునే పూలు, పిల్లలు తిరిగే పెరడు. పత్తికి కొట్టగా మిగిలిన మందు దీనిపై కొట్టవద్దు.

లేత ఆకులు పసుపు రంగుకు మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు చల్లితే కోలుకుంటుంది.

నీడలో ఉంటే?

మామిడి కిందో, పామాయిల్ గెలల చెట్ల నీడనో ఉన్న మల్లెకు ఎంత చేసినా పూత అంతంతే. కనీసం సగం రోజైనా ఎండ తగలాలి. అలాంటి పొదను కూడా వెంటనే పీకవద్దు. వానాకాలంలో కింది కొమ్మను వంచి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి. మూడు నెలల్లో వేరు పోసుకుంటుంది. తల్లి చెట్టు నుంచి వేరుచేసి, ఎండ పడే చోట ఒకటిన్నర అడుగు గుంట తీసి నాటుకోండి. మొక్కకూ మొక్కకూ నాలుగడుగులు ఎడం ఉంచాలి.

మొత్తానికి ఖర్చు తక్కువ, కావలసింది ఓ పూట పని. సంక్రాంతి లోపు కత్తెర పట్టండి. ఉంచాలో తీసేయాలో వేసవిలో ఆ పొదను చూశాకే తేల్చుకోండి.