ఎదుటి పార్టీ కోటలో ప్రచారం ఎందుకు పారదు?

రాష్ట్రమంతటా గాలి ఒకవైపు వీస్తుంటే కొన్ని చోట్ల ఆకు కూడా కదలదు. మన భద్రాచలం మన్యమే ఇందుకు నిదర్శనం. 1999లో తెలుగుదేశం మళ్ళీ అధికారంలోకి వచ్చింది. పెద్ద పార్టీల అండ లేని సి.పి.ఎం.కు 294 స్థానాల్లో దక్కినవి రెండే. అందులో ఒకటి భద్రాచలం. 2014లో టి.ఆర్‌.ఎస్‌. గెలిచిన వేళ కూడా ఇక్కడి ఓటర్లు సి.పి.ఎం. అభ్యర్థి సున్నం రాజయ్యనే గెలిపించారు. 2018లో టి.ఆర్‌.ఎస్‌.కు 119లో 88 స్థానాలొచ్చినా, ఉమ్మడి ఖమ్మం జిల్లా పదింటిలో వచ్చింది ఒక్కటే.

మరి ఆ జీపులు, మైకులు, గోడల మీద రాతలు ఏమైనట్టు?

ప్రచారానికి వచ్చేవాళ్ళు ఓటును ఒక అభిప్రాయం అనుకుంటారు. గట్టిగా చెబితే మారుతుందని వాళ్ళ ఆశ. కాని అడవి అంచు గూడెంలో ఓటంటే చాలావరకు ఒక సంబంధం. పోడు చేలో గొడవైనప్పుడు పక్కన నిలబడిందెవరు? తునికాకు కట్టకు రేటు పెంచాలని అడిగిందెవరు? ఈ లెక్క జనానికి కంఠతా ఉంటుంది. నెలరోజుల ఉపన్యాసం ఆ లెక్కను కొట్టివేయలేదు. కుంజా బొజ్జి 1985, 1989, 1994లలో వరుసగా గెలిచారు. పొత్తులు కలిసొచ్చిన మాట నిజమే. నిరాడంబరుడన్న పేరు అంతకన్నా కలిసొచ్చింది. అటువంటి మనిషిని వేదికెక్కి తిడితే వినేవాళ్ళకు తమ ఇంటి పెద్దను తిట్టినట్టే ఉంటుంది.

ఇంకో చిక్కు మనుషులది. పోలింగు ఏజెంటుగా కూర్చోవడానికి ఆ ఊరివాడే కావాలి. వేరే జెండా పట్టినవాడు రేపు కూడా ఆ ఊళ్ళోనే బతకాలి గదా! అందుకే జంకుతాడు. పైగా మైకులో తెలుగు, ఇళ్ళల్లో కోయ భాష. “అట్లనే సారూ” అన్న మర్యాదను బయటివాళ్ళు ఓటుగా లెక్కేసుకొని పోతారు.

అయితే ఏ కోటా శాశ్వతం కాదు. 2009లోనూ 2018లోనూ భద్రాచలంలో కాంగ్రెస్ గెలిచింది. 2018లో ఓడిన తెల్లం వెంకటరావే 2023లో బి.ఆర్‌.ఎస్‌. తరఫున గెలిచారు. అప్పుడు రాష్ట్రంలో ఆ పార్టీ ఓడిపోయింది. ఉమ్మడి జిల్లాలో దానికి మిగిలింది ఈ ఒక్క స్థానమే! గాలికి కదలని చోటు, గాలి లేనప్పుడు కదిలిందన్నమాట.

సెలవుల్లో ఏదో ఒక జెండా పట్టుకొని పల్లెలకు వెళ్ళే విద్యార్థి మిత్రులు ఈ సంగతి గమనించాలి. ఎదుటి పార్టీ ఓటరు అమాయకుడూ కాదు, అమ్ముడుపోయినవాడూ కాదు. అతని నమ్మకానికో చరిత్ర ఉంది. ముందు అది వినాలి. ఫలితాలొచ్చాక కూడా ఆ గూడేనికి వెళ్ళగలిగిన వాళ్ళకే రెండోసారి అడిగే అర్హత.