పుదీనా: వంటింటి ఆకు, దాని మేలు, దాని హద్దు

మన ఇళ్లలో పుదీనా లేకుండా దావత్ జరగదు. బిర్యానీ దమ్‌కు పెట్టే ముందు పొరల మధ్య చల్లేది అదే. హలీమ్ మీద నిమ్మచెక్క పక్కన కనిపించేది అదే. ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ మీద పకోడీలకు తోడుగా పచ్చడై వచ్చేదీ అదే. ఫారసీ నుంచి వచ్చిన ఈ పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకటిగానే స్థిరపడింది. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు దాన్నే 'నానా' అని పిలిచి, పాలు లేని చాయ్‌లో వేసుకుని తాగుతున్నారు.

ఇంత పరిచయమైన ఆకు గురించి ప్రత్యేకంగా రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, కొన్న కట్టలోని నాలుగు కాడలతోనే ఇంట్లో దీన్ని పెంచుకోవచ్చు. మళ్లీ డబ్బు పెట్టి కొనే పని ఉండదు. రెండు, అజీర్తికి పుదీనా, జ్వరానికి పుదీనా, పసిపిల్లల విరేచనాలకూ పుదీనా అనే మాట బస్తీల్లో తరచుగా వింటున్నాం. ఇందులో కొంత నిజం ఉంది. కొంత మాత్రం పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. ఏది ఏమిటో విడదీసి చెప్పడం మా బాధ్యత అనుకున్నాం.

కడుపుకు చేసే మేలు

మార్కెట్లో మనం కట్టలుగా కొనే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ జాతిది. దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. పిప్పరమెంటు బిళ్లల్లో, తలనొప్పి బామ్‌లలో ఉండేది మెంథాల్. మెంథాల్ కోసం ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ ప్రాంతంలో పెద్ద ఎత్తున సాగు చేసే పుదీనా వేరే రకం. పేరు ఒకటే అయినా అన్నిటి బలం ఒకటి కాదని గుర్తుంచుకోవాలి.

పిప్పరమెంటు నూనె పేగుల కండరాల బిగుతును సడలిస్తుంది. పేగు కదలికలు అదుపు తప్పి పదే పదే కడుపు నొప్పి, ఉబ్బరం వచ్చే ఐబీఎస్ అనే సమస్యకు ఈ నూనెను వాడవచ్చని అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో సూచించింది. అయితే ఆ చికిత్సలో వాడేది కొలత ప్రకారం నూనె నింపిన గొట్టం మాత్ర. పచ్చడిలోని ఆకుకు అంత శక్తి ఉండదు. బరువైన భోజనం తర్వాత పుదీనా వేసిన మజ్జిగ గానీ, నిమ్మరసం కలిపిన సులేమానీ చాయ్ గానీ తాగితే కడుపు తేలికపడినట్టు హాయిగా ఉంటుంది. ఆ మేరకు పెద్దల మాట సరైనదే.

గుండెల్లో మంట ఉన్నవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అన్నవాహికకు, జీర్ణాశయానికి మధ్య ఉండే కండరాన్ని కూడా పిప్పరమెంటు సడలిస్తుంది. దాంతో పులితేన్పులు, మంట పెరగవచ్చు. ఇఫ్తార్‌లో వేపుళ్లు తిని, పైన పుదీనా చాయ్ తాగి వెంటనే పడుకుంటే ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది.

చలవ అంటే ఏమిటి?

పుదీనా చలవ చేస్తుందంటాం. చర్మంలో, నోటిలో చలిని పసిగట్టే నరాలను మెంథాల్ తట్టి లేపుతుంది. అందుకే చల్లదనం లేకపోయినా చల్లగా ఉన్నట్టు తోస్తుంది. చలిని గుర్తించే ఆ గ్రాహకాన్ని శాస్త్రవేత్తలు మెంథాల్ సాయంతోనే కనిపెట్టారు. వారిలో ఒకరైన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ పురస్కారం అందుకున్నారు. దీన్నిబట్టి మనకు తెలియాల్సింది ఒక్కటే: నుదుటికి పుదీనా ముద్ద పెట్టినా, బామ్ రాసినా హాయిగా ఉంటుంది గాని జ్వరం దిగదు. రెండేళ్ల లోపు పిల్లలకు మెంథాల్ ఉన్న బామ్ ముక్కు దగ్గర, ముఖం మీద అసలు రాయకూడదు. ఊపిరి ఆడక ఇబ్బంది పడే ప్రమాదం ఉంది.

ఇక్కడ పుదీనా చాలదు

పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒంట్లోని నీరు, లవణాలు గంటల్లోనే తరిగిపోతాయి. పుదీనా నీళ్లు ఆ లోటును పూడ్చలేవు. కావలసింది ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినంత శుభ్రమైన నీటిలోనే కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. ప్యాకెట్ దొరికే లోపు 1 లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. తల్లిపాలు ఆపకూడదు. వైద్యులు చెప్పిన మోతాదులో 14 రోజులు జింక్ కూడా వేయాలి. ఓఆర్ఎస్, జింక్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా ఇస్తారు. కళ్లు లోపలికి పోవడం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండడం, తాగలేకపోవడం, మలంలో రక్తం కనిపించడం వంటి లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తహీనత విషయమూ ఇంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. పుదీనాలో ఇనుము ఉంది గాని మనం తినే గుప్పెడు ఆకుతో ఆ లోటు తీరదు. పచ్చడిలో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేయగానే చాయ్ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. వైద్యులు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు.

ఇంట్లో పెంచడం

ఆకుకూర ఏ నీటితో పెరిగిందో మార్కెట్లో మనకు తెలియదు. హైదరాబాద్ దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండించడం చాలాకాలంగా ఉన్నదే. ఎన్నిసార్లు కడిగినా పైనున్న మట్టి పోతుంది గాని ఆకు లోపలికి చేరింది పోదు. ఇంటి కుండీలో అయితే ఏ నీరు పోస్తున్నామో మనకు తెలుసు.

కొన్న కట్టలోంచి ముదురుగా ఉన్న కాడలు ఐదారు తీసుకోండి. ఒక్కొక్కటి 4, 5 అంగుళాలు ఉండేలా కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీటిలో నీడన నిలబెట్టండి. రోజు విడిచి రోజు నీరు మార్చండి. వారం పది రోజుల్లో తెల్లని వేళ్లు వస్తాయి.

పుదీనా లోతుకన్నా పక్కలకు ఎక్కువగా పాకుతుంది. కాబట్టి వెడల్పాటి కుండీ గానీ పాత ప్లాస్టిక్ టబ్ గానీ చాలు. రంగుల డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు మాత్రం వాడవద్దు. అడుగున నీరు పోయే రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా తీసుకుని కొంచెం ఇసుక కలపండి. వేరే మొక్కతో కలిపి వేస్తే పుదీనా దాన్ని కమ్మేస్తుంది. దేనికి అది విడిగా ఉండాలి.

పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలితే బాగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు మాత్రం నీడ పట్టాలి. మట్టి తడిగా ఉండాలి గాని బురదగా ఉండకూడదు. సుమారు రెండు నెలలకు మొదటి కోత వస్తుంది. మట్టికి పైన రెండు కణుపులు వదిలి కత్తిరిస్తే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. పూమొగ్గలు కనిపిస్తే తుంచేయండి.

పేనుబంక గానీ తెల్లదోమ గానీ పడితే ఆకుల అడుగున నీటిని గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. ఆకు అడుగున నారింజ రంగు మచ్చలు వస్తే అది తుప్పు తెగులు. ఆ కాడలు కోసి దూరంగా పారేయండి. ఏడాదికోసారి మొక్కను పెకలించి, వేళ్లు విడదీసి కొత్త మట్టిలో నాటాలి. అలా ఒక కుండీ నాలుగు కుండీలవుతుంది. మిగిలిన మూడూ పొరుగువారికి ఇవ్వవచ్చు.

దాతలకు మా మనవి

మొక్క నాటితే, దాని నుంచి మనిషి తిన్నా పశువు తిన్నా పక్షి తిన్నా నాటినవారికి అది సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. రమజాన్ రేషన్ కిట్‌లో బియ్యం, నూనె, ఖర్జూరాలతో పాటు వేళ్లు వచ్చిన పుదీనా కాడలు నాలుగు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాటిని కలిపే పద్ధతి తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన చిన్న కాగితం పెడదామని మా ఆలోచన. కాడలకు ఖర్చు లేదు. మీ ఇంటి కుండీలోంచే ఇవ్వవచ్చు. ఓఆర్ఎస్‌కు, కాగితాల ముద్రణకు మీ సాయం కావాలి. రేషన్ సరుకులు నెలకు సరిపోతాయి. ఆ మొక్కతో ఆ ఇంట ఏడాది పొడవునా పచ్చడి ఉంటుంది. ఆ కాగితం చదివిన తల్లికి, ఏ వేళ పుదీనా చాలదో, దేనికి పరుగెత్తాలో తెలిసి ఉంటుంది, ఇన్షా అల్లాహ్.