వేళ్ల కోసం... వేలు!

ఐదారొందలకే కీబోర్డు దొరుకుతుంటే ఐదు వేలు, పది వేలు పోయడమెందుకు? మెకానికల్ కీబోర్డు ధర చూడగానే ఎవరికైనా వచ్చే సందేహమిది.

తేడా అంతా మీటల కిందే ఉంది. మామూలు కీబోర్డుల్లో చాలావాటికి అడుగున రబ్బరు పొర ఉంటుంది. వాడేకొద్దీ అది పట్టు తప్పుతుంది. మెకానికల్‌లో ప్రతి మీటకీ విడిగా ఓ స్విచ్చు, అందులో ఓ స్ప్రింగు. చెర్రీ సంస్థ తన ఎంఎక్స్ రెడ్ స్విచ్చు పది కోట్ల నొక్కులు తట్టుకుంటుందంటోంది! కొనేముందు రంగు చూసుకోవాలి. నీలం స్విచ్చులు టకటకమంటాయి. పిల్లలు నిద్రపోయే గదిలో ఎరుపువే నయం.

మరి మణికట్టు నొప్పి? అది మెకానికల్‌తో తగ్గిపోదు. రెండు భాగాలుగా విడిపోయే ఎర్గోనమిక్ కీబోర్డు మీద మణికట్లు పక్కకు వంగవు. హాయిగా ఉంటుంది కానీ, అదీ మందు కాదు. నొప్పి వదలకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

పైసా ఖర్చులేని చిట్కాలూ ఉన్నాయి. కీబోర్డు వెనక కాళ్లు మడిచేయండి. మోచేతుల ఎత్తులో పెట్టుకోండి. మధ్యమధ్యలో చేతులకు విశ్రాంతినివ్వండి.

రోజంతా టైపు చేసేవారికి ఖరీదైన కీబోర్డు దండగ కాదు. ఎప్పుడో ఓ మెయిలు పంపేవారికి మాత్రం... ఆ వేలు జేబులో ఉండటమే మేలు!